పెదనాన్న డ్రమ్ములు

మా పెదనాన్న దగ్గరికి ఎవరైనా వచ్చి "ఇలాంటిదొకటి కావాలండీ, ఎక్కడా దొరకట్లేదు" అంటే చాలు, ఆయన చూపు షెడ్డు వెనక్కి వెళ్ళేది. అక్కడ గోడవారగా ఖాళీ డ్రమ్ములు వరసగా ఉండేవి. కందెన నూనె వచ్చిన ఇనప డ్రమ్ములు, సబ్బు ద్రావణం వచ్చిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, ఇరవై లీటర్ల క్యాన్లు. పెదనాన్న ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చూసేవారు. ఏ డ్రమ్ములో ఏం వచ్చింది, ఎప్పుడు ఖాళీ అయింది, ఎప్పుడు బయటపడేస్తారు, అన్నీ ఆయనకి తెలుసు. అడిగి, కాగితం రాయించుకుని మరీ తెచ్చుకునేవారు.

నా చిన్నతనం చాలావరకు ఆ షెడ్డులోనే గడిచింది. బడి నుంచి రాగానే సంచీ ఒక మూల పడేసి అక్కడికే పరిగెత్తేదాన్ని. టేపు అవతలి కొస పట్టుకోవడం, సుద్దముక్కతో గీత గీయడం, కింద పడ్డ వాషర్లు ఏరి సైజుల వారీగా డబ్బాల్లో వేయడం నా పనులు. "మళ్ళీ ఆ ఇనప సామాన్ల మధ్యేనా?" అని పెద్దమ్మ అరిచేది. పెదనాన్న మాత్రం నేను లేకపోతే పని మొదలుపెట్టేవారు కాదు. ఎదురుచూసేవారు.

ఏ పనికైనా ముందు ఆయన రెండు ప్రశ్నలు అడిగేవారు. డ్రమ్ము తెచ్చినవాళ్ళని "దీంట్లో ఏముండేది?" అనీ, వస్తువు కావాలన్నవాళ్ళని "ఎవరు వాడతారు?" అనీ. ఈ రెండిటికీ సరైన జవాబు దొరక్కపోతే సుత్తి ముట్టుకునేవారు కాదు. ఇప్పుడు నేనూ అదే పద్ధతిలో పని చేస్తున్నాను. అందుకే ఆ రోజుల గురించి ఇంత వివరంగా రాయాలనిపించింది.

రెండొందల లీటర్ల ఇనప డ్రమ్ము అందరూ రోజూ చూసేదే. అందుకే దాన్ని ఎవరూ నిదానించి చూడరు. పెదనాన్న నన్ను దాని ముందు కూర్చోబెట్టి చూపించారు. లోపలి వ్యాసం దాదాపు 57 సెంటీమీటర్లు, ఎత్తు 88 దాకా ఉంటుంది. రేకు మందం మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. ఒంటి చుట్టూ ఉబ్బెత్తుగా రెండు కట్లుంటాయి. డ్రమ్ము దొర్లేటప్పుడు నేలకి ఆనేవి అవే, అంత పల్చటి రేకు సొట్టపోకుండా నిలబెట్టేవీ అవే. పైనా కిందా అంచుల్లో రేకుల్ని కలిపి మడిచి నొక్కి ఉంచుతారు. మొత్తం డ్రమ్ములో అన్నిటికంటే గట్టి చోటు ఆ మడత. పైమూత మీద ఎదురెదురుగా రెండు బిరడాలు, ఒకటి రెండంగుళాలది, రెండోది ముప్పావు అంగుళంది. పెద్దదాంట్లోంచి నూనె వంచుతుంటే చిన్నదాంట్లోంచి గాలి లోపలికి పోతుంది.

"అమ్మలూ, ఇవన్నీ ఎవరో తల పట్టుకుని ఆలోచించి పెట్టినవి. మనం కోసేముందు వాటిల్లో ఏవేవి మనకి పనికొస్తాయో చూసుకోవాలి. తీసి పారేశాక మళ్ళీ మనం చేసుకోలేం" అనేవారు.

ఆ ఎవరో ఎవరన్నది చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు. నెల్లీ బ్లై అని ఒక అమెరికన్ పత్రికా రచయిత్రి ఉండేది. 1889-90లో 72 రోజుల్లో భూమి చుట్టి వచ్చి పేరు తెచ్చుకున్న మనిషి. భర్త పోయాక ఆయన నడిపిన ఐరన్ క్లాడ్ కంపెనీని ఆవిడే చూసుకుంది. ఆ కంపెనీలో పనిచేసిన హెన్రీ వేర్‌హాన్ 1905లో ఇనప పీపాకి పేటెంట్లు తీసుకుని వాటి హక్కులు ఆవిడకి రాసిచ్చాడు. అప్పటిదాకా నూనెలు ఎక్కువగా చెక్క పీపాల్లోనే తిరిగేవి, దారిలో కారిపోతూ ఉండేవి. ఇప్పుడు మన ముందున్న డ్రమ్ముకి మూలం ఆ ఇనప పీపాలే. ఈ సంగతి తెలిసేనాటికి పెదనాన్న లేరు. ఉండి ఉంటే ఆవిడ గురించి నన్ను ఎన్ని ప్రశ్నలు వేసేవారో! ఇంకో మాట. వార్తల్లో క్రూడాయిల్ ధర చెప్పేటప్పుడు వినిపించే బ్యారెల్ ఈ డ్రమ్ము కాదు. అది 42 గ్యాలన్లు, అంటే సుమారు 159 లీటర్ల లెక్క. మన డ్రమ్ము 55 గ్యాలన్లది, నిండుగా పోస్తే 208 లీటర్ల దాకా పడుతుంది.

మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాను. దీంట్లో ఏముండేది?

ఖాళీ డ్రమ్ముని చూసి ఎవరూ భయపడరు. పెదనాన్న భయపడేవారు. "నిండు డ్రమ్ము కంటే ఖాళీ డ్రమ్మే ప్రమాదం" అని నాతో ఎన్నిసార్లు అన్నారో! పెట్రోలో, థిన్నరో ఉన్న డ్రమ్ముని ఎంత వంచినా అడుగున కొంచెం మిగిలిపోతుంది. అది ఆవిరై లోపలి గాలితో కలుస్తుంది. నిండుగా ఉన్నప్పుడు మండటానికి గాలి ఉండదు, ఖాళీ అయ్యాకే ఆవిరి, గాలి రెండూ సరిపడా దొరుకుతాయి. అప్పుడు గ్రైండరు నిప్పురవ్వ ఒక్కటి చాలు, మూత ఎగిరిపోయి ఎదురుగా ఉన్న మనిషి ప్రాణం పోతుంది. డీజిలూ, చిక్కటి ఇంజనాయిలూ మామూలుగా అంత తేలిగ్గా అంటుకోవు. కానీ వెల్డింగ్ వేడికి రేకు కాలితే లోపల అంటుకున్న జిడ్డు కూడా ఆవిరి అవుతుంది. ఏళ్ళ తరబడి ఎండలో పడున్న డ్రమ్ము కదా అని చాలామంది ధైర్యం చేస్తారు. పెదనాన్న చేసేవారు కాదు.

ముందు డ్రమ్ము మీద ఉన్న లేబుల్ చదివేవారు. లేబుల్ చిరిగిపోయుంటే రేకులోకి నొక్కిన గుర్తులు వెతికేవారు. వాటిని చదవడం నాకు తొందరగానే వచ్చేసింది. 1ఎ1 అంటే మూత ఊడిరాని ఇనప డ్రమ్ము, 1ఎ2 అంటే మూత మొత్తం తీయగలిగేది. ప్లాస్టిక్‌దైతే ఎ బదులు హెచ్ ఉంటుంది. దాని పక్కన ఎక్స్, వై, జెడ్‌లలో ఒక అక్షరం. ఎక్స్ ఉంటే అతి ప్రమాదకరమైన సరుకు మోయడానికి కూడా పనికొస్తుందని, జెడ్ ఉంటే తక్కువ ప్రమాదం ఉన్నవాటికేనని అర్థం. డ్రమ్ము తయారైన సంవత్సరం కూడా అక్కడే ఉంటుంది. అయితే ఇవన్నీ డ్రమ్ము ఎంత గట్టిదో చెప్పే గుర్తులే తప్ప అందులో నిజంగా ఏం పోశారో చెప్పవు. అది చెప్పాల్సింది లేబుల్, లేకపోతే వాడిన మనిషి. ఆ రెండూ లేని డ్రమ్ముని, ఎంత కొత్తగా మెరుస్తున్నా, తిప్పి పంపేసేవారు. మొహం దగ్గరగా పెట్టి వాసన చూడటం అనేది ఆ షెడ్డులో లేదు.

పురుగుమందులు వచ్చినవాటిని అసలు గేటు దాటనిచ్చేవారు కాదు. మూడుసార్లు కడిగి, ఇంకెవరూ వాడకుండా చిల్లులు పొడిచి, తీసుకోవాల్సినవాళ్ళకి అప్పగించడమే వాటికి దారి. ఒకసారి ఒకాయన అలాంటి క్యాన్లు తెచ్చి "నీళ్ళు పట్టుకోవడానికి కాదండీ, సామాన్లు వేసుకోవడానికే" అన్నాడు. "ఇవాళ మీరు సామాన్లు వేసుకుంటారు బాబూ, రేపు మీ ఇంట్లో చిన్నపిల్లలు నీళ్ళు పట్టుకుంటారు" అన్నారు పెదనాన్న. వచ్చినాయన కోపం తెచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ విషయంలో పెదనాన్న ఎవరి కోపాన్నీ లెక్కచేయలేదు. ఇప్పటికీ నాకు అదే సరైనదనిపిస్తుంది.

నూనె డ్రమ్ములు కడగడం ఒక రోజంతా పట్టే పని. కాస్టిక్ సోడా కలిపిన వేణ్ణీళ్ళు పోసి, బిరడాలు బిగించి, అటూ ఇటూ దొర్లించేవారు. కాస్టిక్ చర్మాన్ని తినేస్తుంది కాబట్టి ఆ పనికి నన్ను దూరంగా నిలబెట్టేవారు. ఆయన మాత్రం రబ్బరు గ్లవ్సు, కళ్ళద్దాలు పెట్టుకునేవారు. లోపల తుప్పు ఉంటే పాత నట్లూ, చిన్న గొలుసు ముక్కా వేసి, కొంచెం నీళ్ళు పోసి దొర్లించేవారు. వీధి చివరిదాకా వినిపించే ఆ మోత నాకు భలే ఇష్టం. తర్వాత మంచినీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగి బోర్లించేవారు.

కోసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉండేది. కోత గీత కిందిదాకా నీళ్ళు నింపేవారు. లోపల ఆవిరి చేరడానికి చోటు ఎంత తక్కువుంటే అంత మంచిదని. కరెంటు రంపం పక్కన నీళ్ళుండటం ఇంకో ప్రమాదం కదా, అందుకని ఉలీ, సుత్తితోనే కోసేవారు. ఉలి కూడా నీళ్ళలో తడిపి తడిపి కొట్టేవారు. పెట్రోలు, థిన్నరు డ్రమ్ములైతే ఎంత కడిగినా కోసేవారు కాదు. "దీనికి మనకంటే పెద్ద ఏర్పాట్లు కావాలి" అని పక్కన పెట్టేసేవారు. వాటిని కడిగి, సొట్టలు తీసి, కారుతోందేమో పరీక్షించి, రంగేసి మళ్ళీ వాడకానికి పంపే పరిశ్రమలు వేరే ఉన్నాయి.

కోశాక వచ్చే అంచు గురించి చెప్పకుండా ఉండలేను. కోసిన డ్రమ్ము రేకు బ్లేడు కంటే ఘోరంగా ఉంటుంది. చాలామంది దాని మీద చీల్చిన రబ్బరు పైపు తొడిగి వదిలేస్తారు. అదీ పని చేస్తుంది, నేనూ తొందరలో అలాగే చేస్తాను. పెదనాన్న మాత్రం అంచులో తీగ పెట్టి మడిచేవారు. ముందు గరుకుదనం పోయేదాకా ఆకురాయితో అరగదీసేవారు. తర్వాత అంచుకి ఒక సెంటీమీటరు కిందగా సుద్దగీత. ఆ గీత దగ్గర లోపల్నుంచి ఇనప దిమ్మ ఆనించి, బయట్నుంచి చెక్క సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ చుట్టూ తిరిగేవారు. ఒక్కో తిప్పుకీ రేకు కొంచెం కొంచెం వంగేది. ఒకేచోట గట్టిగా కొడితే రేకు సాగి అలలు పడుతుంది. అంచు సగం వంగాక లోపల లావు ఇనప తీగ చుట్టి, రేకుని దాని మీదికి మడిచి నొక్కేసేవారు. అప్పుడు ఆ మిల్లీమీటరు రేకు అంచు లావుగా, నున్నగా అయిపోయేది. నా చేత అంచంతా తడిమించేవారు. "ఎక్కడైనా గుచ్చుకుందా?" అని అడిగేవారు. లేదన్నాకే ఆ పని అయినట్టు.

రెండో ప్రశ్న ఎవరు వాడతారు అన్నది. దానికి నాకు బాగా గుర్తున్న జవాబు మా టీచరమ్మ.

ఆవిడ నాకు చిన్న తరగతుల్లో పాఠాలు చెప్పారు. యాక్సిడెంట్ తర్వాత చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. అంతకుముందు వాళ్ళ పెరడంతా మొక్కలే. ఆ తర్వాత ఒక్కోటి ఎండిపోతూ వచ్చాయి. కుండీలు బల్ల మీద పెట్టి చూశారు. ఒరుగుతూ పక్కకి తిరిగి చెయ్యి చాచాల్సి వచ్చేది, కాసేపటికే నడుం నొప్పి. వాళ్ళబ్బాయి వచ్చి "అమ్మకి మట్టిలో చెయ్యి పెట్టకపోతే తోచదు పెదనాన్నగారూ, ఏదైనా చేయగలరా?" అని అడిగాడు. పెదనాన్న డ్రమ్ముల వైపు చూడను కూడా చూడలేదు. టేపు జేబులో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి బయల్దేరారు.

"టీచరమ్మగారూ, మీరు మామూలుగా ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి. నాకోసం సర్దుకోవద్దు" అన్నారు. నేల నుంచి ఆవిడ మోకాలి పైదాకా ఎంతుందో కొలిచారు. మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంది, భుజం కదపకుండా చెయ్యి ఎంత దూరం పోతుంది, కుర్చీ చేతుల మధ్య వెడల్పెంత, చక్రాలు తిరగడానికి ఎంత చోటు కావాలి, అన్నీ నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆవిడ కుడిచెయ్యి ఎడమచెయ్యంత దూరం చాచలేరని ఆ రోజే మాకు తెలిసింది. ఆవిడ చెప్పలేదు, కొలతే చెప్పింది.

మోకాళ్ళు కిందికి దూరాలంటే నేలకీ తొట్టి అడుగుకీ మధ్య దాదాపు 70 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. డ్రమ్ముని నిలువునా సగానికి కోస్తే 28 సెంటీమీటర్ల లోతు వస్తుంది. రెండూ కలిస్తే తొట్టి పై అంచు మీటరుకి దగ్గరైపోతుంది, కూర్చున్న మనిషి చేతికి మరీ ఎత్తు. ఏం చేయాలి? పెదనాన్న సగానికి కోయలేదు. 18 సెంటీమీటర్ల లోతు దగ్గరే గీత పెట్టారు. గుండ్రటి వస్తువులో ఉన్న లాభం ఇదే. లోతు మూడోవంతు దాకా తగ్గినా వెడల్పు మాత్రం 57 నుంచి 53కి తగ్గిందంతే. ఆకుకూరలకీ, చిన్న పూలమొక్కలకీ ఆ మట్టి సరిపోతుంది.

ఆ తర్వాత ఆయన చేసినది నేనెప్పటికీ మరిచిపోలేను. గీత పెట్టేముందు డ్రమ్ముని పడుకోబెట్టి, మెల్లగా దొర్లిస్తూ, పైమూత మీదున్న రెండంగుళాల బిరడా సరిగ్గా అడుగుకి వచ్చేదాకా తిప్పారు. అక్కడ ఆపి, రెండువైపులా చెక్కముక్కలు దూర్చి, "ఇప్పుడు గియ్యి" అన్నారు. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. తొట్టి తయారై, స్టాండు మీద ఆ బిరడా వైపు వేలంత వాలుగా కూర్చున్నాక తెలిసింది. ఎక్కువైన నీళ్ళు వాలుకి బిరడా దగ్గరికి చేరతాయి. బిరడా తీసి అక్కడ జాలీ బిగిస్తే నీళ్ళు ఒక్కచోటే, కింద పెట్టిన బకెట్లోకే దిగుతాయి. ఆవిడ ఒళ్ళో ఒక్క చుక్క పడదు. అడుగున చిల్లులు పొడవాల్సిన పనే రాలేదు. నూనె పోయడానికి పెట్టిన రంధ్రం నీళ్ళు పోవడానికి పనికొచ్చింది.

ఎడమ కొస ఆవిడకి కొంచెం దూరంగా, కుడి కొస దగ్గరగా ఉండేలా స్టాండుని ఏటవాలుగా అమర్చారు, ఆవిడ కుడిచెయ్యికి అందేలా. టీచరమ్మ మొదటిసారి దాని కిందికి కుర్చీ తోసుకుని, మట్టిలో రెండు చేతులూ మణికట్టుదాకా దోపి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నావైపు తిరిగి "గీతలు నువ్వే గీశావా? తిన్నగా ఉన్నాయి" అన్నారు. పరీక్షల్లో ఎన్ని మార్కులు వచ్చినా అంత సంతోషం కలగలేదు.

చిన్నచిన్నవి ఎన్నో. నిలువుగా కోసిన డ్రమ్ముకి తలుపు పెట్టి, లోపల అరలు బిగించి చేసిన పనిముట్ల బీరువా. ఇరుసు మీద అడ్డంగా తిరిగే ఎరువు డ్రమ్ము, వంగి పారతో తిరగేసే పని లేకుండా. విప్పి చదును చేసిన రేకులు. ఒక్కో డ్రమ్ము నుంచి దాదాపు 180 సెంటీమీటర్ల పొడవు రేకు వస్తుంది, షెడ్డు పడమటి గోడ మొత్తం అదే. వేణ్ణీళ్ళ పొయ్యి కూడా ఒకటి చేశారు. కానీ దానికి డ్రమ్ము ఎంచుకోవడానికే చాలా రోజులు తీసుకున్నారు. కొన్ని డ్రమ్ముల లోపల బంగారు రంగులోనో, గోధుమ రంగులోనో పల్చటి పూత ఉంటుంది. సరుకు ఇనుముకి తగలకుండా వేస్తారు దాన్ని. అది కాలితే వచ్చే పొగ మంచిది కాదు. పూత లేని డ్రమ్ము దొరికేదాకా ఆగారు. దొరికాక కూడా బయటి రంగంతా గీకి, ఆరుబయట ఒకసారి బాగా కాల్చి, ఆ తర్వాతే వాడారు.

గాలిమర కథ వేరు. ఎవరూ అడగకుండా ఆయన తనకోసం చేసుకున్నది అదొక్కటే.

సిగుర్డ్ సావోనియస్ అనే ఫిన్లండ్ ఇంజనీరు 1920లలో తయారుచేసిన నమూనా అది. డ్రమ్ముని నిలువునా రెండు చెక్కలు చేసి, వాటిని ఎదురెదురుగా పక్కకి జరిపి, మధ్యలో ఇరుసు నిలబెడితే చాలు. గాలి ఒక చెక్క లోపలి గుంటలో చిక్కుకుని తోస్తుంది. రెండోదాని ఉబ్బెత్తు వీపు మీంచి జారిపోతుంది. ఆ తేడాకే అది తిరుగుతుంది. గాలి ఎటువైపు నుంచి వచ్చినా ఒకటే, తోక అక్కర్లేదు, గాలికి ఎదురుగా తిప్పుకోవాల్సిన పనిలేదు. రెక్కల గాలిమరతో పోలిస్తే ఇది గాలి నుంచి రాబట్టుకునే శక్తి తక్కువ, తిరిగే వేగమూ తక్కువే. కానీ చిన్నగాలికే కదులుతుంది, నిదానంగా బలంగా తిప్పుతుంది. నీళ్ళ పంపుకి కావాల్సింది అదే.

మొదట ఒక్క డ్రమ్ముతో చేశారు. గాలి కొన్ని దిక్కుల నుంచి వచ్చినప్పుడు కదలకుండా మొరాయించేది. రెండో డ్రమ్ముని కూడా చీల్చి, మొదటిదాని మీద నాలుగోవంతు తిప్పి కూర్చోబెట్టారు. ఇక పైది ఆగేచోట కిందిది అందుకునేది. పాత బండి చక్రం బేరింగు మీద అది తిరుగుతుంటే కింద పంపు రబ్బరు పొర పైకీ కిందికీ ఆడేది. నీళ్ళు సన్నటి ధారగా వచ్చేవి. రాత్రంతా గాలి ఉంటే తెల్లారేసరికి తొట్టి నిండేది. ఈదురుగాలి వచ్చే సూచన కనిపిస్తే చాలు, అర్ధరాత్రైనా లేచి వెళ్ళి గొలుసు వేసి కట్టేసేవారు. ఆ బరువు అదుపు తప్పి తిరిగితే స్తంభంతో సహా పెకిలించుకుపోతుంది. పెద్దమ్మ టార్చి పట్టుకుని వెనకే వెళ్ళేది. "ఆ డ్రమ్ముల మీదున్న ధ్యాస..." అంటూ మొదలుపెట్టి ఎప్పుడూ పూర్తి చేసేది కాదు. గాలి పడిపోయిన రోజుల్లో "ఇవాళ తిరగట్లేదేం?" అని ముందు అడిగేదీ ఆవిడే.

ప్లాస్టిక్ డ్రమ్ములు ఎక్కువయ్యాక పెదనాన్న కొన్నాళ్ళు దిగాలుపడ్డారు. దాన్ని సుత్తితో మడవలేం, ఇనుముకి చేసే వెల్డింగ్ దానికి పనికిరాదు, మామూలు జిగురేదీ దానికి అంటుకోదు. మెల్లగా దానితోనూ సర్దుకున్నారు. అడుగున త్రికోణంలో 2 అంకె ఉందో లేదో చూసేవారు. అది గట్టిరకం పాలిథీన్. తుప్పు పట్టదు, రంపంతో తేలిగ్గా తెగుతుంది. కొళాయి పెట్టాలంటే గుండ్రటి రంధ్రం తొలిచి, రెండువైపులా రబ్బరు వాషర్లతో ట్యాంకు నిపుల్ (కొళాయి తగిలించే మరల గొట్టం) బిగించడమే మార్గం. ప్లాస్టిక్ కొంతవరకు లోపలి సరుకుని పీల్చుకుంటుంది, కడిగినంత మాత్రాన అది పూర్తిగా పోదు. అందుకే ఆయన తాగేనీళ్ళకి ఏ పాత డ్రమ్ముని వాడనిచ్చేవారు కాదు. మొక్కలకీ, కడగడానికీ అంతే.

తర్వాత వెయ్యి లీటర్ల ట్యాంకులు వచ్చాయి, చుట్టూ ఇనప పంజరం, కింద ప్యాలెట్ ఉండేవి. ఐబీసీ అంటారు. మొదటిదాన్ని చూసినప్పుడు పెదనాన్న దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో! నీళ్ళు నింపితే నీళ్ళ బరువే ఒక టన్ను. అందుకని ముందు కింద దిమ్మ కట్టించి, ఆ తర్వాతే వాననీళ్ళకి పెట్టారు. తెల్లటి ప్లాస్టిక్‌లోంచి వెలుతురు దిగితే నీళ్ళకి నాచు పడుతుంది. ఎండ తగిలి తగిలి ప్లాస్టిక్ పెళుసు కూడా అవుతుంది. రెండిటికీ కలిపి నల్లటి గుడ్డ కుట్టి తొడుగు వేశారు. లోపలి ట్యాంకు పగిలిపోయిన ఐబీసీలు వస్తే ఆయనకి ఇంకా ఆనందం, పంజరం మిగిలింది కదా. దాన్ని కోసి గేటు చేశారు, తీగలు పాకే పందిరి చేశారు. ట్రాలీకి చుట్టుగోడలా కూడా బిగించారు.

ఇరవై లీటర్ల క్యాన్లలో ఆయనకి పాత ఇనప జెర్రీ క్యాన్ అంటే ప్రాణం. 1930లలో జర్మనీలో సైన్యం కోసం చేసిన డిజైను. పైన మూడు పిడులుంటాయి. మధ్యది పట్టుకుంటే ఒక మనిషి మోయొచ్చు, చివరివి పట్టుకుంటే ఇద్దరు పంచుకోవచ్చు, ఖాళీవైతే ఒక్కో చేత్తో రెండేసి పట్టుకెళ్ళొచ్చు. పక్కల మీద అడ్డదిడ్డంగా కనిపించే నొక్కులు రేకుకి బలం. నిండుగా పెట్రోలు పోసినా పైన కాస్త గాలి మిగిలి, నీళ్ళలో పడ్డా తేలుతుంది. దాన్ని మాత్రం ఎప్పుడూ కోయలేదు. "ఇది ఇప్పటికే పూర్తయిన వస్తువు" అనేవారు. ప్లాస్టిక్ క్యాన్లని మాత్రం ధారాళంగా కోసేవారు. మూత బిగించి, అడుగుని ఏటవాలుగా తీసేస్తే పిడి ఉన్న చేట తయారు. పడవలో చేరిన నీళ్ళు తోడటానికి, ఇసుక ఎత్తడానికి దాన్ని మించింది లేదు. అదే మూత తీసేస్తే గరాటు.

ఒకసారి కరీబియన్ దేశం ట్రినిడాడ్ అండ్ టొబాగోలో డ్రమ్ము అడుగుని సుత్తితో గుంట చేసి, ఒక్కో చోట ఒక్కో స్వరం పలికేలా మలిచి వాయిస్తారని ఎవరో చెప్పారు. స్టీల్ పాన్ అంటారు, ఆ దేశానికి జాతీయ వాద్యం. పెదనాన్న ఆ సాయంత్రమంతా డ్రమ్ముల అడుగులు వేళ్ళతో తట్టి చూస్తూ గడిపారు. వాయిద్యం చేయడానికి మాత్రం సాహసించలేదు. "అది చెవి ఉన్నవాళ్ళ పని అమ్మలూ, నాకు చెయ్యే ఉంది" అన్నారు.

ఆయన నోట్‌బుక్కులు ఇప్పుడు నా దగ్గరున్నాయి. వాటిల్లో బొమ్మల కంటే మనుషుల కొలతలే ఎక్కువ. మోచేతి ఎత్తు, అరచేతి వెడల్పు, ఫలానా వాళ్ళకి ఎడమచేతి వాటం, ఇంకొకళ్ళకి చూపు తక్కువ కాబట్టి పిడికి పసుపు రంగు. ఏ డ్రమ్ములో ఏముండేదో కూడా ప్రతి పేజీ మొదట్లోనే రాసిపెట్టారు.

టీచరమ్మ పోయాక ఆ తొట్టిని వాళ్ళబ్బాయి నాకు తిరిగి ఇచ్చాడు. తడిమట్టి ఎప్పుడూ ఉండటంతో అడుగు రేకు తుప్పు తినేసి జల్లెడ అయిపోయింది. స్టాండు మాత్రం గట్టిగానే ఉంది. కిందటేడు దాని మీదికి నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కోసి కూర్చోబెట్టాను. దాంట్లో ఉండేది సబ్బు ద్రావణం, తెచ్చిచ్చిన మనిషి చేత లేబుల్ చూపించుకునే తీసుకున్నాను. ప్లాస్టిక్ మట్టి బరువుకి పక్కలకి ఉబ్బుతుంది కాబట్టి మధ్యలో ఒక ఇనప పట్టీ చుట్టాల్సి వచ్చింది. ఇప్పుడు దాన్ని వాడేది తొమ్మిదేళ్ళ పిల్లాడు, వాడిదీ చక్రాల కుర్చీయే. అందుకని కాళ్ళు కోసి స్టాండు ఎత్తు తగ్గించాను. కోసిన ముక్కలు పారేయకుండా లోపల నట్లు వెల్డింగ్ చేయించి ఉంచాను. వాడు పొడుగయ్యేకొద్దీ ఒక్కో ముక్కా మళ్ళీ బిగించుకుంటూ పోవచ్చు.